చెట్ల సంగతి సెల్లార్ తవ్వకముందే తేలాలి

హైదరాబాద్‌లో మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా వెలసిన కార్యాలయ ప్రాంగణాల్లో పచ్చదనానికి లోటు లేదు. గేటు దాటగానే పామ్ చెట్ల వరుస, కత్తిరించిన పొదలు, ఎవరినీ అడుగు పెట్టనివ్వని పచ్చిక కనిపిస్తాయి. లోటల్లా నీడకే. భోజనం చేసి పది నిమిషాలు బయట నిలబడదామనుకునే ఉద్యోగులు ఇదంతా దాటుకుని, రోడ్డు పక్కన టీ బండి మీదికి వాలిన వేపచెట్టు కిందికి చేరతారు.

ఈ లోపానికి కారణాన్ని చాలామంది మొక్కల ఎంపికలో వెతుకుతారు. కోనోకార్పస్ బదులు కానుగ నాటితే సరిపోతుందన్నట్టు చర్చ సాగుతుంది. నిజానికి సెల్లార్ నక్షా గీసిన రోజే వ్యవహారం చాలావరకు తేలిపోతుంది. స్థలం అంచుల దాకా మూడు నాలుగు అంతస్తుల లోతున పార్కింగ్ తవ్వాక పైన మిగిలేది నేల కాదు, శ్లాబు. తడిసిన మట్టి ఘనపు మీటరుకు రెండు టన్నులకు కాస్త అటూఇటూగా తూగుతుంది కాబట్టి, పెద్ద చెట్టుకు కావలసిన ఒకటిన్నర మీటర్ల మట్టి పోస్తే చదరపు మీటరుపై దాదాపు మూడు టన్నుల భారం పడుతుంది. అంత బరువు మోసే శ్లాబు ఖర్చు చూశాక మట్టి లోతు అర మీటరుకు కుదించుకుపోతుంది. అర మీటరులో చింత, నెమలినార నిలదొక్కుకోలేవు. ఆ తర్వాత పిలుపు అందుకునే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుకు గడ్డి, పొదలు, తొట్టెల్లో పామ్‌లు తప్ప ఎంచుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ గడ్డికి నీళ్లెన్ని? మే నెల ఎండలో పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్ల తడి కావాలనుకుంటే, చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు ఒక లీటరుతో సమానం కనుక, ఎకరానికి రోజూ 20 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు పట్టాలి. ప్రాంగణంలోని మురుగునీటి శుద్ధి కేంద్రం (ఎస్‌టీపీ)లో శుద్ధి చేసిన నీరే వాడుతున్నామని నిర్వాహకులు చెబుతారు, చాలాచోట్ల అది నిజమే. కానీ ఆ నీరు టాయిలెట్ ఫ్లష్‌లకు, కూలింగ్ టవర్లకు కూడా పనికొస్తుంది. పైగా ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ఎస్‌టీపీకి చేరే నీరు తగ్గుతుంది, గడ్డి దాహం మాత్రం తగ్గదు.

వాన విషయంలోనూ ఇదే తీరు. నగరంలో ఏటా కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వర్షంలో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే పడుతుంది. శ్లాబు మీద పడిన నీటికి రోడ్డు మీదికి పోవడం తప్ప దారి లేదు. మూలన ఇంకుడు గుంత తవ్వి నిబంధన పూర్తయిందనిపించుకోవచ్చు గాని, కింద పగులు లేని గ్రానైట్ ఉంటే అది నిండి కూర్చునే గొయ్యి మాత్రమే. నీరు ఇంకే పొర ఎక్కడుందో పునాదికి ముందే చూసి, ఆ చోటును తవ్వకుండా వదలాలి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాతి గుండ్లను పేల్చి, ఆ చోట కృత్రిమ రాళ్ల తోట పేర్చడం మరీ విడ్డూరం. ఆ గుండ్ల సందుల్లో సీతాఫలం నీళ్లు పోయకుండానే పెరుగుతుంది.

ఇదంతా ఊరికి కొత్త పాఠమేమీ కాదు. హరిత భవనాలకిచ్చే లీడ్ రేటింగ్‌లో అత్యున్నతమైన ప్లాటినం గుర్తింపును అమెరికా వెలుపల తొలిసారి పొందిన సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2004లో హైటెక్ సిటీ చేరువలోనే ప్రారంభమైంది. అక్కడ వాడిన నీటిని మొక్కల వేళ్ల సాయంతో శుద్ధి చేసే ఏర్పాటు ఉంది, గదులు నడిమి ముంగిలి చుట్టూ అమరాయి. అయితే అది చిన్న భవనం. లక్షల చదరపు అడుగుల టవర్లకు దాన్ని యథాతథంగా నమూనాగా చూపడం న్యాయం కాదు.

టవర్ల దగ్గర అసలు బేరం పార్కింగ్‌తోనే. స్థలంలో ఒక భాగాన్ని ఒకే ముక్కగా తవ్వకుండా వదిలితే కొన్ని వందల కార్లకు చోటు పోతుంది. అద్దెకు వచ్చే పెద్ద సంస్థలు కార్ల లెక్క అడుగుతాయి, భవన నిబంధనలూ అడుగుతాయి. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే ప్రాంగణాలకైనా, తవ్వని నేల చూపితే ఆ మేరకు పార్కింగ్ తగ్గించుకునే సడలింపు ఇవ్వడం సమంజసం. మెట్రో చేరని కోకాపేట టవర్లకు ఇదే సడలింపు ఇస్తే కార్లు సర్వీసు రోడ్డెక్కుతాయి కనుక, అక్కడ ముందు బస్సుల సంగతి చూడాలి.