‘రీడ్‌మీలో ఉంది, చూడు’

బెంగళూరు మారతహళ్లి దగ్గరున్న మా ఆఫీసులో ఆ మధ్య ఒక అబ్బాయి చేరాడు. నరసరావుపేట పక్క పల్లెటూరు, క్యాంపస్‌లో వచ్చిన మొదటి ఉద్యోగం. మూడో రోజుకి కూడా ప్రాజెక్టు అతని ల్యాప్‌టాప్‌లో రన్ కాలేదు. సర్వీస్ స్టార్ట్ అవుతుంది, డేటాబేస్ దగ్గరికొచ్చి టైమవుట్ అని ఆగిపోతుంది. అతనికి బడ్డీగా, అంటే పని చూపించే తోడుగా, వేసింది నన్నే. వచ్చి అడిగాడు. స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే ‘రీడ్‌మీలో ఉంది, చూడు’ అన్నాను.

రీడ్‌మీ అంటే ప్రాజెక్టును ఎలా నడపాలో రాసిపెట్టే ఫైలు. అందులో ఉన్నది ఎప్పుడో తీసేసిన డేటాబేస్ సర్వర్ పేరు. కొత్త పేరు టీమ్‌లో ఆరుగురికీ తెలుసు, ఎక్కడా రాసిలేదు. అతను మళ్లీ నా దగ్గరికి రాలేదు. పీజీ హాస్టల్లో రూమ్మేట్లను అడిగాడట. ముగ్గురివీ మూడు వేరే కంపెనీలు, వాళ్లకేం తెలుస్తుంది? రోజూ స్టాండప్‌లో (ఎవరి పని ఎంతవరకొచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగ్) ‘సెటప్ నడుస్తోంది’ అని ఒక్క ముక్క చెప్పి మ్యూట్‌లోకి వెళ్లేవాడు. శుక్రవారం సాయంత్రం కాఫీ మెషీన్ దగ్గర పట్టుకుని, ‘అన్నా, ఒకటి అడగనా’ అన్నాడు. ఐదు నిమిషాల్లో అయిపోయింది.

ఫ్రెషర్లు నోరు విప్పరని సీనియర్లమంతా విసుక్కుంటాం. అడగందే అమ్మయినా పెట్టదు కదా అంటాం. సరే, అడిగినప్పుడు మనం పెట్టిందేమిటి?

మొదటి ప్రశ్న అడగడానికి కొత్తవాడికి అయ్యే ఖర్చు మనకు కనిపించదు. నలభై మంది ఉన్న గ్రూపులో ఇంగ్లిష్‌లో టైప్ చేయాలి. తెలుగు మీడియంలో చదివొచ్చినవాడు ఆ రెండు లైన్లు రాసి, చెరిపి, మళ్లీ రాస్తాడు. సర్ అనాలా, పేరు పెట్టి పిలవాలా అన్నది ఇంకో టెన్షన్. ఇంత చేసి పంపితే, ఎవరో ‘గూగుల్ చేశావా?’ అని రిప్లై ఇస్తారు. ఆ రిప్లై చదివేది అతనొక్కడే కాదు, వచ్చే నెల చేరబోయేవాళ్లు కూడా పాత మెసేజ్‌లు తిరగేసి చదువుతారు. ఇక్కడ ఏం అడగకూడదో అప్పుడే నేర్చుకుంటారు.

గూగుల్ చేయమనడం ఒకప్పుడు న్యాయమైన మాటే. జావాలో ఒక ఎర్రర్ ఎందుకొస్తుందో వెతుక్కోవడం అతని పనే. కానీ కొత్తవాడు ఇరుక్కునేది ఎక్కువగా అక్కడ కాదు. మా కోడ్‌లో ఒకచోట ఆర్డర్ సేవ్ చేశాక రెండు సెకన్లు ఊరికే ఆగే లైను ఉంది. చూస్తే పిచ్చిపనిలా ఉంటుంది. చేరిన ప్రతివాడూ దాన్ని తీసేయబోతాడు. అవతల ఒక బ్యాంకు సిస్టమ్ అంతకన్నా ముందు అడిగితే పాత బ్యాలెన్స్ ఇచ్చేది, అందుకని పెట్టారు. ఈ సంగతి గూగుల్‌కి తెలియదు, ఏఐకి తెలియదు. ఈమధ్య ‘చాట్‌జీపీటీని అడుగు’ అనేవాళ్లు తయారయ్యారు. దాన్నడిగితే ఆ లైను తీసేయమనే అవకాశమే ఎక్కువ.

డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లోనే ఈ మాట చెప్పాడు. ప్రోగ్రామ్ అంటే కోడ్ కాదు, దాన్ని కట్టినవాళ్ల బుర్రల్లో ఉండే అవగాహన అన్నాడు. డాక్యుమెంట్లు ఎన్ని రాసినా అది పూర్తిగా అందదు, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని పనిచేస్తేనే కొత్తవాడికి అబ్బుతుంది అన్నాడు. మన కంపెనీల్లో దీనికి కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, తెలిసింది అప్పగించడం) అని పేరు పెట్టి, మూడు గంటల రికార్డింగ్ లింకు చేతిలో పెడతారు. ఆ వీడియోలో సగం సేపు ‘నా స్క్రీన్ కనిపిస్తోందా?’ అన్న మాటే వినిపిస్తుంది.

సీనియర్లంతా కఠినాత్ములని నేననడం లేదు. మా కష్టం మాకుంది. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ఒక మాట రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఇంకా మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని. ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి, కొత్తవాళ్లకు నేర్పాల్సింది పని తెలిసినవాళ్లే. యాభై ఏళ్లయినా మన మేనేజర్లు డెడ్‌లైన్ దగ్గరపడ్డాకే ఇద్దరు ఫ్రెషర్లను తెచ్చి పడేస్తారు. మా దగ్గర ప్రతి పనికీ సిస్టమ్‌లో ఒక టికెట్, దాని బరువుకి తగ్గ పాయింట్లు ఉంటాయి. నేర్పడానికి పోయిన గంటకు టికెట్ ఉండదు, పాయింట్లు ఉండవు. అప్రైజల్ ఫారంలో దానికొక గడి ఉన్నా, రేటింగ్ మాత్రం మూసిన టికెట్ల లెక్కే చూస్తుంది. తలెత్తకుండా జవాబిచ్చిన రోజు నా పేరు మీద నాలుగు టికెట్లున్నాయి. అది కారణమే గానీ సాకు కాదు.

పైగా కొందరు ఫ్రెషర్లు ‘నాట్ వర్కింగ్’ అని రెండు ముక్కలు రాసి, ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో పంపుతారు. ఎర్రర్ పైలైను ఫొటోలో ఉండదు. ఒళ్లు మండుతుంది, నిజమే. కానీ ప్రశ్న ఎలా అడగాలో కాలేజీలో ఎవరు నేర్పారని? అక్కడ ప్రశ్నలడిగేది లెక్చరర్లే. ‘ఏం చేశావు, ఏం రావాలి, ఏం వచ్చింది’ అని ఒక్కసారి పక్కన కూర్చుని రాయిస్తే రెండోసారికి దారిలో పడతారు.

కటువుగా ఉంటేనే కోడ్ బాగుంటుందన్న నమ్మకమూ మనలో కొందరికుంది. దానికి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌నే ఉదాహరణగా చూపిస్తారు. ఆ లినక్స్‌ను తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ 2018 సెప్టెంబర్‌లో తన తిట్లకు బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. ఆయన కోపం ఎక్కువగా అనుభవజ్ఞుల మీదే ఉండేది, కొత్తవాళ్ల మీద కాదు. కానీ దూరం నుంచి చూసే కొత్తవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

బెంగళూరులో మనకు ఇంకో చిక్కుంది. మనవాళ్లం భోజనాల దగ్గర ఒక టేబుల్‌కి చేరతాం, అక్కడ తెలుగులో అసలు సంగతులన్నీ తేలిపోతాయి. నరసరావుపేట అబ్బాయికి అది వరం. అదే వారం చేరిన ఒడిశా అమ్మాయికి ఆ టేబుల్ లేదు. ఆమెకు ఆ సర్వర్ పేరు తెలియడానికి ఇంకో వారం పట్టింది.

ఆ తర్వాత మా టీమ్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్తగా చేరినవాళ్ల మొదటి పని, తాము ఇరుక్కున్న చోటల్లా రీడ్‌మీని సరిచేయడం. ఆ మెట్టు ఎక్కడ విరిగిందో వాళ్లకే తెలుస్తుంది, రోజూ దూకి వెళ్లే మాకు తెలియదు. మొదట చేసింది ఈ అబ్బాయే. కొత్త సర్వర్ పేరు, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) ముందు కనెక్ట్ చేయాలన్న సంగతి, ఆ రెండు సెకన్ల కథ, అంతా కలిపి తొమ్మిది లైన్లు రాసి రివ్యూకి పెట్టాడు.

గంటలో కామెంట్ వచ్చింది. ‘ఇవన్నీ అందరికీ తెలిసినవేగా, అవసరమా?’

అత్తా ఒకింటి కోడలే అంటారు. ఆ కామెంట్ పెట్టినతను మా టీమ్‌లో చేరి అప్పటికి 14 నెలలు.