చెవికి భక్తి ఎక్కువ, అనుమానం తక్కువ

ఓ ఆదివారం పొద్దున్నే ఘంటసాల భగవద్గీత పెట్టుకుని బాల్కనీలో కాఫీ తాగుతున్నాను. పది నిమిషాలైందో లేదో, కింది ఫ్లాటాయన వచ్చి తలుపు కొట్టాడు. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు. "ఏమైందండీ? ఎవరు..." అని మధ్యలోనే ఆగిపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదని, ఊరికే వింటున్నానని చెబితే ఊపిరి పీల్చుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, పొద్దున్నే అదేం వినడమండీ అన్నట్టు ఓ చూపు చూశాడు.

తెలుగువాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ గొంతు వీధిలో మైకులోంచి వినిపిస్తే ఎవరింట్లోనో మనిషి పోయినట్టే. విల్లు కింద పడేసి కూలబడినవాణ్ణి లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలు, మన ఊళ్ళలో ఇక లేవనివాళ్ళ పక్కన వినే మాటలయ్యాయి. ఇందులో ఘంటసాల తప్పేమీ లేదు. జీవితపు చివరి దశలో పాడిన రికార్డు అది. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయారు. ఆ తర్వాత మనం ఆ గొంతును ఒక సందర్భానికి ముడేశాం. ముడి ఎంత గట్టిగా పడిందంటే, శ్లోకం ఏం చెబుతోందో వినే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

పుస్తకానికి గొంతు వస్తే జరిగేది ఇదే. ఆ గొంతు పుస్తకం కంటే గట్టిగా గుర్తుండిపోతుంది.

నాగోలు నుంచి రాయదుర్గం దాకా రోజూ మెట్రోలో పోయి వస్తూ కొన్నేళ్ళుగా పుస్తకాలు వింటున్నాను. నవలల జోలికి పెద్దగా పోను. చరిత్ర, తత్వం, మతం, ఈ మూడే. యాప్‌లో మూడింటినీ ఒకే వరసలో పేరుస్తారు గానీ, చెవితో వీటికున్న చుట్టరికం ఒకటి కాదని వినగా వినగా నాకు తోచింది. మతగ్రంథానికి చెవి పుట్టిల్లు. తత్వానికి అత్తారిల్లు, సర్దుకుపోతే బతకొచ్చు. చరిత్రకు మాత్రం అద్దె కొంప. సామాన్లో సగం బయటే వదిలేసి రమ్మంటుంది.

పుట్టిల్లు అన్నది మాటవరసకు కాదు. వేదాన్ని తరతరాలుగా మోసింది నోరూ చెవీనే. అక్షరం జారిపోకుండా పద, క్రమ, జట, ఘన అని పాఠాలు కట్టుకున్నారు. ఘనపాఠంలో రెండు పదాలు ముందుకీ వెనక్కీ నడిచి, మూడో పదాన్ని కలుపుకుని మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకొస్తాయి. ఈ కాలం భాషలో అది బ్యాకప్. ఖురాన్ అన్న మాటకే పఠనం అని అర్థం. బౌద్ధ సూత్రాలు 'ఏవం మే సుతం' అని మొదలవుతాయి. నేనిలా విన్నాను అని. చదివాను అని కాదు.

ఈ బౌద్ధ సూత్రాల దగ్గరే నాకు కనువిప్పు కలిగింది, చెవివిప్పు అనాలేమో. అచ్చు పుస్తకంలో చదవబోయి విసుగొచ్చి పక్కన పడేశాను. అదే పేరా, ఒక్క మాట మార్చి, నాలుగుసార్లు, ఎనిమిదిసార్లు. అచ్చువేసేవాళ్ళకూ ఆ విసుగు తెలుసు. పాలి ప్రతుల్లోనే 'పే' అని ఒక్క అక్షరం పెట్టి, పైన చెప్పిందే మళ్ళీ అనుకోండి అని దాటేస్తారు. అలా దాటెయ్యకుండా పూర్తిగా చదివిన ఇంగ్లీషు రికార్డింగు ఒకటి దొరికింది. మూడోసారి వచ్చేసరికి వాక్యం నాకు ముందే తెలిసిపోయింది. మారిన ఆ ఒక్క మాట మాత్రం గుళ్ళో గంట కొట్టినట్టు వినపడింది. పునరుక్తి దోషమని బళ్ళో నేర్చుకున్నాం. దోషం కంటికి. చెవికి అది దారి గుర్తు. ఏడు చేపల కథలో రాజకొడుకు చేపను అడిగితే చేప గడ్డిమోపు మీద, గడ్డిమోపు ఆవు మీద చెబుతూ పోవాలి గానీ, 'ఇలాగే అందరినీ అడిగారు' అని ఏ అమ్మమ్మయినా ముగిస్తే పిల్లలు ఊరుకుంటారా?

పుట్టింట్లోనూ మోసం జరగదని కాదు. గీతలో 700 శ్లోకాలుంటే ఘంటసాల పాడినవి వంద పైచిలుకు. మిగతావి ఆ రికార్డులో లేవు. 'గీత మొత్తం విన్నానండీ' అనేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. గాయకుడు ఎల్.వి. గంగాధర శాస్త్రి 700 శ్లోకాలూ తెలుగు తాత్పర్యంతో సహా పాడి పెట్టారు. అయినా వీధిలో మోగేది పాతదే. సంక్షిప్తం అని అట్ట మీద వేస్తే కన్ను చూస్తుంది. చెవికి అట్ట ఉండదు.

తత్వం సంగతి వేరు. సోక్రటీస్ ఒక్క ముక్క రాయలేదు, మాట్లాడాడంతే. ప్లేటో ఆ మాటలను సంభాషణలుగా మలిచాడు కాబట్టి ఇద్దరు ముగ్గురు నటులు పంచుకుని చదివితే నాటకంలా సాగిపోతుంది. ఒక్కరే చదివితే మాత్రం అడిగేదెవరో తలూపేదెవరో తెలియక, 'అవును సోక్రటీస్, నిజమే సోక్రటీస్' అన్న మాటలే చెవిలో మిగులుతాయి. ఇక డచ్ తత్వవేత్త స్పినోజా 'ఎథిక్స్' ఉంది. 1677లో, ఆయన పోయిన ఏడాదే అచ్చయింది. జామెట్రీ పుస్తకంలా నిర్వచనాలు, స్వయంసిద్ధాలు, ప్రతిపాదనలు. ప్రతి నిరూపణా వెనకటి ప్రతిపాదన నంబరును సాక్ష్యానికి పిలుస్తుంది. ఆ పిలిచినదాన్ని నేను ఉప్పల్ స్టేషన్ దగ్గర విన్నాను, ఇప్పుడు బేగంపేట వచ్చింది. ఎక్కడని వెతుక్కోను? వారం తిరక్కుండా వదిలేశాను. ఆ పుస్తకానికి వేళ్ళు కావాలి, వెనక పేజీలో ఒక వేలు పెట్టి ముందు పేజీ చదవడానికి.

మార్కస్ అరీలియస్ గొడవ ఇంకోటి. ఆ రోమన్ చక్రవర్తి గ్రీకులో రాసుకున్న 12 భాగాల ఆలోచనలు ఇప్పుడు యాప్‌లలో తెగ వినిపిస్తున్నాయి. ఆయన అవి తనకోసం రాసుకున్నాడు. అందులో 'నువ్వు' అంటే ఆయనే. తెల్లవారుజామున లేవబుద్ధి కాకపోతే, మనిషి చెయ్యాల్సిన పనికోసం లేస్తున్నానని చెప్పుకో అంటాడొక చోట. అంటే ఒక చక్రవర్తి తనను తాను దుప్పట్లోంచి బయటికి లాక్కుంటున్నాడు. దాన్ని రంగస్థల నటుడు ఖంగున మోగే గొంతుతో చదివేసరికి, పక్కింటాయన మన పిల్లాణ్ణి మందలిస్తున్నట్టు అయిపోయింది. అదే పుస్తకాన్ని లిబ్రివాక్స్‌లో విన్నాను. కాపీరైటు తీరిన పుస్తకాలను 2005 నుంచి స్వచ్ఛంద పాఠకులు చదివి పెడుతున్న చోటు అది. ఆ చదివినాయనకు శిక్షణ ఉన్నట్టు లేదు, ఓ చోట కుర్చీ కిర్రుమంది కూడా. కానీ ఆ తడబడే మామూలు గొంతులో మార్కస్ తనతో తాను మాట్లాడుకున్నట్టే ఉంది. డబ్బు పెట్టి కొన్న రికార్డింగు నాకు ఇవ్వలేనిది ఇది ఇచ్చింది.

బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయికి ఆత్మ గురించి చెబుతూ, 'శ్రోతవ్యో మంతవ్యో నిదిధ్యాసితవ్యః' అంటాడు. వినాలి, తలపోయాలి, అందులో మునగాలి. యాప్ అమ్మేది మొదటిదాన్నే. మిగతా రెంటికీ అక్కడ ఉన్నది పాజ్ బటన్ ఒక్కటే, దాన్ని వాడేవాళ్ళు తక్కువ. ఒకటిన్నర స్పీడులో ఏడాదికి వంద పుస్తకాలు విన్నానని చెప్పే మిత్రుడొకడున్నాడు నాకు. అన్నం కూడా అలాగే తింటాడు, డాక్టరు తిడుతుంటాడు.

ఇప్పుడు అద్దె కొంప దగ్గరికి వద్దాం. నాకు అసలు పేచీ ఇక్కడే.

ఇంగ్లీషు చరిత్రకారుడు గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య పతన చరిత్ర 1776 నుంచి 1788 దాకా ఆరు సంపుటాలుగా వచ్చింది. 71 అధ్యాయాలు. ఆ పుస్తకం పేజీకి రెండంతస్తులు. పైన గంభీరమైన కథనం, కింద ఫుట్‌నోట్లు. ఏ మాట ఎవరు చెప్పారు, ఆ చెప్పినవాడు ఎంత నమ్మదగినవాడు, ఎక్కడ అతిశయం ఉంది, అన్నీ కిందే. ఆయన చమత్కారంలో సగం కూడా అక్కడే దాక్కుంది. నేను విన్న రికార్డింగులో కింది అంతస్తు మొత్తం ఎగిరిపోయింది. వంద గంటలు దాటే ఆ పారాయణంలో గిబ్బన్ ఎక్కడా ఎవరినీ అనుమానించడు. పుస్తకంలో ఆయన లాయరు, నా చెవిలో పురోహితుడు.

రోమ్ ఎందుకు, ఓరుగల్లుకే వద్దాం. 1323లో కాకతీయ ప్రతాపరుద్రుడు ఢిల్లీ సేనలకు చిక్కాడు. తర్వాత ఏమయ్యాడు? ఈ మధ్య ఓ తెలుగు ఆడియోలో విన్నాను. వెనకాల నది హోరు, ఏడుస్తున్న వయొలిన్, గొంతు వణికిస్తూ కథకుడు, 'ఆ వీరుడు బానిసగా బతకడం ఇష్టం లేక నర్మదలోకి దూకాడు' అన్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు. ఇంటికి వెళ్ళి పుస్తకాలు తీస్తే అక్కడ ఒక్క చావు లేదు, రెండు మూడున్నాయి. ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం ఆ సంఘటనకు దగ్గరి కాలానిది. రాజును ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున పోయాడని మాత్రం చెబుతుంది. దూకాడని అనదు. వందేళ్ళ తర్వాత, 1423 నాటి రెడ్డిరాణి అనితల్లి కలువచేరు శాసనం తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్ళాడంటుంది. ఆత్మహత్య అన్న ఊహకు ఈ మాటే ఆధారం. ఆ తర్వాత వచ్చిన ప్రతాపరుద్ర చరిత్రము అయితే ఆయన్ని ఢిల్లీ నుంచి తిరిగి ఓరుగల్లుకు తీసుకొస్తుంది.

అసలు చరిత్ర ఈ తేడాలోనే ఉంది. ఓడిన రాజుకు వందేళ్ళ తర్వాతివాళ్ళు తన చావును తానే ఎంచుకున్న గౌరవం ఎందుకు ఇవ్వాలనుకున్నారు? ఆ తర్వాతివాళ్ళకు ఆయన్ని వెనక్కి తీసుకురావాలని ఎందుకనిపించింది? వయొలిన్ మోగగానే ఈ ప్రశ్నలు చచ్చిపోయాయి. అచ్చులో అయితే 'దూకాడు' అన్న మాట పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టేవాణ్ణి. మెట్రోలో రాడ్డు పట్టుకు వేలాడుతూ ఎక్కడ పెట్టను?

తప్పంతా తయారుచేసేవాళ్ళదే అనలేను. మన చెవి పెరిగిన తీరు కూడా అలాంటిదే. ఉషశ్రీ ఆకాశవాణిలో రామాయణ భారతాలు చెబుతుంటే ఇల్లిల్లూ రేడియో ముందు చేరిన కాలం ఉంది. మల్లాది చంద్రశేఖర శాస్త్రి పురాణం, చాగంటి కోటేశ్వరరావు ప్రవచనం, అంతకుముందు హరికథ, బుర్రకథ. పల్నాటి యుద్ధమైనా, అల్లూరి సీతారామరాజు మన్యం పోరాటమైనా ఊళ్ళలో జనానికి చేరింది పాటగా, కథగానే. ఆ వినికిడిలో చేతులు కట్టుకోవడం ఉంది, 'తందాన తాన' అనడం ఉంది, 'దీనికి ఆధారమేమిటండీ' అని లేచి అడగడం లేదు. పురాణానికి ఆ శ్రద్ధ సరిపోతుంది. ప్రతాపరుద్రుడి చావును కూడా అదే శ్రద్ధతో వింటే, ఎవరి గొంతు బాగుంటే వాళ్ళు చెప్పింది చరిత్ర అయిపోతుంది. తమాషా ఏమిటంటే, ఆ భక్తి లోకంలోనే అడగడానికి ఒక కిటికీ ఉండేది. ఉషశ్రీ 'ధర్మసందేహాలు' కార్యక్రమానికి శ్రోతలు ఉత్తరాలు రాసేవారు, ఆయన జవాబు చెప్పేవారు. ఇప్పటి యాప్‌లో అయిదు నక్షత్రాలు ఇవ్వడానికి చోటుంది. సందేహం రాయడానికి లేదు.

మరమనిషి గొంతు వచ్చాక కొత్త చిక్కు. ఒక చోట 'క్రీ.శ.' అన్నదాన్ని 'క్రీ' అని ఆగి 'శ' అంది. ఏడాదిని ఫోన్ నంబరులా 'ఒకటి మూడు రెండు మూడు' అని చదివింది. నవ్వొచ్చింది గానీ, ఒక మేలూ లేకపోలేదు. ఆ గొంతును ఎవరూ నమ్మరు.

అయితే చరిత్రను చెవికి దూరంగా ఉంచమనడం నా ఉద్దేశం కాదు. చూపు లేనివాళ్ళకు, చూపు తగ్గినవాళ్ళకు ఇది విలాసం కాదు, అవసరం. ఫోనోగ్రాఫ్ కనిపెట్టిన మరుసటి ఏడాది, 1878లోనే, ఎడిసన్ దాని ఉపయోగాల జాబితాలో అంధుల కోసం మాట్లాడే పుస్తకాలను రాసుకున్నాడు. వాళ్ళకు ఫుట్‌నోట్లు కోసేసిన గిబ్బన్‌ను ఇచ్చి చాలనడం ఏం న్యాయం?

పైగా తెలుగులో ఒక సదుపాయం ఉంది, మనం వాడుకోవడం లేదు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తీసుకోండి. 1955లో తెలుగుకు మొదటి సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన పుస్తకం. అందులో మన పూర్వీకులు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నదానికి ఆయన చూపే సాక్ష్యం చాలావరకు కవుల పద్యాలే. పాల్కురికి సోమన్న చెప్పాడు, శ్రీనాథుడు చెప్పాడు అంటూ పద్యం తెచ్చి ముందు పెడతాడు. అక్కడ ఆధారమే చెవికి పుట్టింది. యతి దగ్గర ఆగడం తెలిసి, శ్రీనాథుడి సీసాన్ని సీసంలా చదవగలిగిన గొంతు దొరికితే, కథనం ఒక గొంతులో, పద్యం ఇంకో గొంతులో వినిపిస్తే, వినేవాడికి ఏది చరిత్రకారుడి మాటో ఏది సాక్షి మాటో విడిగా తెలుస్తుంది. పేజీకి రెండంతస్తులు ఎలాగో, అలా.

పద్యాలు లేని చోట కూడా అంత కష్టమేమీ కాదు. 'దూకాడని కచ్చితంగా చెప్పలేం. విలస శాసనం నర్మద ఒడ్డున పోయాడని మాత్రమే అంటుంది. ఇష్టపూర్వకంగా అన్న మాట వందేళ్ళ తర్వాతి కలువచేరు శాసనంలోది.' ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, తొందరపడకుండా పైకి చదివి చూశాను. ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. ఆ వయొలిన్ అంతకంటే ఎక్కువసేపే ఏడ్చింది.