‘ఏం తినబెట్టినవ్?’ అని ఆ తల్లిని అడగకండి

పిల్లకు వాంతులు మొదలైతే చాలు, దేవరకొండలో మా చెల్లెకు విచారణ మొదలవుతుంది. ఏం తినబెట్టినవ్? బయట కొనిచ్చినవా? అత్తగారు, పక్కింటివాళ్లు, ఆఖరికి సెలైన్ పెట్టే ఆర్‌ఎంపీ కూడా. నెలా రెండు నెలలు చక్కగా తిని బడికి పోయే పిల్ల, ఒకనాడు తెల్లవారుజామున లేచి గంటకు నాలుగైదుసార్లు వాంతి చేసుకుంటుంది. ముఖం పాలిపోతుంది, లైటు వేస్తే ఓర్చుకోలేదు. ఒకటి రెండు రోజులకు లేచి అన్నం అడుగుతుంది. ఇంటిల్లిపాదీ అదే కూర తిన్నప్పుడు ప్రతిసారీ ఒక్క పిల్లకేనా?

దీన్ని సైక్లిక్ వామిటింగ్ సిండ్రోమ్ అంటారు. 1882లోనే శామ్యూల్ గీ అనే ఇంగ్లండ్ డాక్టర్ పిల్లల్లో గమనించి రాశాడు. మైగ్రేన్‌కు దగ్గరి చుట్టం. చాలా ఇళ్లలో తల్లికో అమ్మమ్మకో ఆ తలనొప్పి ఉంటుంది. జలుబు, నిద్ర చాలకపోవడం, తిండి వేళ తప్పడం, బస్సు ప్రయాణం దీన్ని రేపుతాయి. సంతోషం కూడా! చెర్వుగట్టు జాతరకు పోతున్నామని రాత్రంతా ఎగిరిన పిల్లకు తెల్లారి వాంతులు. ‘జాతర తిండి పడలేదు’ అన్నారు. జాతరకు ఇంకా పోనే లేదు కదా!

నా కోపమల్లా ఆస్పత్రులు మార్చడం మీద. ఒకచోట గ్యాస్, ఇంకోచోట ఫుడ్ పాయిజన్. పాత చీటీలు ఎవరూ చూడరు, మనమూ తీసుకుపోము. ఏ తేదీన, ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపుంది, ముందురోజు ఏం జరిగింది అని ఒక నోట్‌బుక్‌లో రాసి పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఈ జబ్బును పట్టించే రక్తపరీక్ష లేదు, ఆ రాతే ఆధారం.

అయితే పచ్చటి పసరు, రక్తం పడినా, పొద్దున్నే తలనొప్పి, నడకలో తూలు, మగత ఉన్నా ఆగొద్దు. పేగు మెలిక, మెదడులో గడ్డ, షుగర్ వంటివి కావని ముందు తేల్చుకోవాలి. పెద్దవాళ్లలో గంజాయి అలవాటు కూడా ఇలాంటి వాంతులే తెప్పిస్తుంది.

వాంతులు మొదలవగానే వాంతులు ఆపే మందు ఒండాన్‌సెట్రాన్, చీకటి గది, నీళ్లు నిలవకపోతే ఆలస్యం చేయకుండా గ్లూకోజ్ సెలైన్. తరచూ వస్తుంటే రాకుండా రోజూ వేసే మందులున్నాయి: చిన్నపిల్లలకు సైప్రోహెప్టడిన్, ఐదేళ్లు దాటితే అమిట్రిప్టిలిన్, అదీ ఈసీజీ చూశాక డాక్టర్ రాస్తేనే. ‘అది పిచ్చి మందట’ అనే చుట్టాలు తప్పకుండా వస్తారు. అదే మందు మైగ్రేన్‌కూ ఇస్తారని చెప్పి పంపండి.

దిష్టి తీస్తామంటే తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ మిరపకాయల పొగ మాత్రం పిల్ల గదిలోకి రానీయకండి. ఘాటు వాసన తగిలితే మళ్లీ కక్కుతుంది.