జ్వరం తగ్గిన రాత్రి వార్డులో ఎందరు నర్సులు?

వానలు ముదిరేసరికి హైదరాబాద్‌లో జ్వరపడ్డ పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే లెక్క నడుస్తుంది: ప్లేట్‌లెట్లు ఎన్ని? ఉదయం ఎనభై వేలు, సాయంత్రం అరవై వేలు అంటూ బంధువులకు ఫోన్లు వెళ్తాయి. బొప్పాయి ఆకుల కోసం వెతుకులాట మొదలవుతుంది. బిడ్డను ఎత్తుకొని నీలోఫర్‌కో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో పరుగెత్తిన తల్లిదండ్రులు ముందుగా అడిగేదీ అదే. వాళ్ల భయాన్ని తప్పుపట్టలేం. కానీ డెంగీలో పిల్లల ప్రాణం మీదికి ఎక్కువగా తెచ్చేది రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరిపోవడం. రక్తస్రావం లేకుండా నిలకడగా ఉన్న బిడ్డకు, సంఖ్య పడిపోయిందన్న ఒక్క కారణంతో ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ బిడ్డకు కావలసింది గంట గంటకూ కనిపెట్టి చూసే నర్సు.

డెంగీలో అసలు గండం జ్వరం తగ్గాక మొదలవుతుంది. సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల మధ్య ఒళ్లు చల్లబడుతుంది. ఇంటివాళ్లు హమ్మయ్య అనుకునేదీ అప్పుడే. పని తెలిసిన నర్సు ఆ రాత్రే మరింత అప్రమత్తంగా ఉంటారు. బిడ్డ గోటిని నొక్కి వదిలి, తెల్లబడ్డ చోటికి రెండు సెకన్లలోపు ఎరుపు తిరిగి వస్తోందా లేదా చూస్తారు. పాదాలు తడిమి చూస్తారు. బీపీ పై అంకె బాగానే కనిపిస్తుంటుంది, కింది అంకె మాత్రం పైకి జరుగుతూ ఉంటుంది. రెండింటి మధ్య తేడా 20కి దిగిందంటే బిడ్డ షాక్‌లోకి, అంటే ఒంట్లోని అవయవాలకు రక్తం చాలని స్థితిలోకి, జారుతున్నట్టే. పెద్దవాళ్లకు చుట్టే పట్టీని ఆ చిన్న చేతికి చుడితే బీపీ ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. పిల్లల కొలత పట్టీ వార్డులో లేకపోవడం చిన్న లోపమేమీ కాదు.

ఇక సెలైన్. ప్రమాద సంకేతాలు కనిపించిన బిడ్డకు మొదట గంటకు కిలో బరువుకు 5 నుంచి 7 మిల్లీలీటర్లు ఇస్తారు. 12 కిలోల బిడ్డకైతే గంటకు 60 నుంచి 84 మిల్లీలీటర్లు. ఒకటి రెండు గంటల్లో మళ్లీ చూసి, కోలుకుంటుంటే తగ్గించాలి. చాలకపోతే షాక్, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు. రెండింటికీ నడుమ దారి చాలా ఇరుకు. మూత్రం ఎంత పోసిందో కొలవకుండా ఆ దారిలో నడవడం సాధ్యం కాదు.

ఒక్కో బిడ్డకు ఈ పరీక్షలన్నీ చేసి కేసుషీటులో రాయడానికి తక్కువలో తక్కువ అయిదు నిమిషాలనుకుందాం. ఇరవై మంది పిల్లలకు ఒక్కరే నర్సు ఉంటే ఒక చుట్టు పూర్తవడానికే 100 నిమిషాలు పడుతుంది. గంటకోసారి చూడాలన్న డాక్టరు ఆదేశం ఆ కాగితం మీదే మిగిలిపోతుంది. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలన్నది భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం. సీజన్‌లో ఒకే మంచం మీద ఇద్దరేసి పిల్లలు పడుకునే చోట్ల ఆ ప్రమాణం ఊసే ఉండదు. అప్పుడు ఆ పనంతా నిద్రలేని తల్లి మీద పడుతుంది.

కంఠసర్పి (డిఫ్తీరియా) వార్డు సంగతి ఇంకా కఠినం. టీకా ఉన్నా ఈ జబ్బు నగరాన్ని పూర్తిగా వదల్లేదు. ఈ జబ్బు క్రిమి వదిలే విషానికి విరుగుడుగా, గుర్రపు రక్తం నుంచి తీసిన సీరం ఎక్కించేటప్పుడు తీవ్రమైన అలర్జీ రావచ్చు కాబట్టి, దాన్ని అదుపు చేసే అడ్రినలిన్ మందు అందుబాటులో ఉంచుకొని పక్కనే నిలబడాలి. గొంతులోని బూడిదరంగు పొరను గీకకూడదు, గీకితే రక్తం కారుతుంది. వారం తిరిగేసరికి బిడ్డ లేచి ఆడుకోవాలని చూస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ క్రిమి విషం గుండె కండరాన్ని దెబ్బతీయవచ్చు. “బాగానే ఉన్నాడు కదమ్మా, ఇంటికి పంపించండి” అని బతిమాలే అమ్మమ్మను కూర్చోబెట్టి, ఇంకొన్నాళ్లు మంచం దిగనివ్వకూడదని నచ్చజెప్పేది నర్సే. ఆ ఓపికకు మందుల చీటీలో చోటు లేదు.

తట్టు సోకిన బిడ్డను విడిగా ఉంచాలి. ఆ వైరస్ గదిలోని గాలిలో రెండు గంటల వరకు ఉండగలదు. ఒక బిడ్డను ముట్టుకొని మరో బిడ్డ దగ్గరికి వెళ్లే ముందు ప్రతిసారీ చేతులు శుభ్రం చేసుకోవాలి. మనుషులు చాలని చోట ముందుగా ఎగిరిపోయేవి ఇవే. జ్వరంతో వచ్చిన బిడ్డకు ఆసుపత్రిలోనే మరో జబ్బు అంటుకుంటే దానికి నర్సును నిందించడం అన్యాయం.

2024 జనవరిలో ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు రాష్ట్ర ప్రభుత్వం నియామక పత్రాలు ఇచ్చింది. మంచి పని. అయితే రాష్ట్రం మొత్తం లెక్కతో పిల్లల వార్డు గట్టెక్కదు. ఏ వార్డులో, ఏ షిఫ్టులో, ఎంతమంది పిల్లలకు ఎందరు నర్సులున్నారో ప్రతి రాత్రీ వార్డు గుమ్మం దగ్గర బోర్డు మీద రాయాలి. వానాకాలానికి అదనపు నర్సులను జూన్‌లోనే తీసుకొని, పిల్లల బీపీ, సెలైన్ లెక్కల మీద శిక్షణ ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు, పిల్లల వార్డులో చెయ్యి తిరిగిన నర్సును సరిగ్గా డెంగీ రోజుల్లో మరో విభాగానికి మార్చడం ఆపాలి.