గొర్రె కనపడని గొర్రెల పండుగకు ఒక ఉత్తరం

మహారాజశ్రీ షేక్‌స్పియర్ నాటకం 'ది వింటర్స్ టేల్' నాలుగో అంకం, నాలుగో రంగం గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. ఎనిమిది వందల లైన్లు దాటిన ఒళ్లేసుకుని ఎంఏ సిలబస్‌లో హాయిగా కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నారు.

అయ్యా, మీ మీద నాకు పాత బాకీ ఒకటుంది. మా రోజుల్లో మీ గురించి ఒకే ఒక్క ప్రశ్న వచ్చేది, 'పాస్టోరల్ ఎలిమెంట్స్', అంటే కాపరుల పల్లె బతుకు ఛాయలు, రాయమని. గైడులో ఉన్నట్టే పల్లె అమాయకత్వం, పచ్చని ప్రకృతి, నిరుపేద కాపరి, ఆయనకు పసిగుడ్డుగా దొరికి కూతురిలా పెరిగిన, పూలు పంచే పెర్డిటా అని దించేశాను. మార్కులూ వచ్చాయి. తర్వాతెప్పుడో పరీక్ష టెన్షన్ లేకుండా చదివితే ఒళ్లు మండింది. ఉన్ని కత్తిరింపు పండుగట, చివరిదాకా చూసినా ఒక్క గొర్రె స్టేజీ ఎక్కదు! మూడో అంకంలో ఎలుగుబంటికి వేషం ఇచ్చారు గానీ గొర్రెకు ఇవ్వలేదు. మా తాత గొర్రె కాళ్లు కట్టి, మోకాలితో అదిమిపట్టి కత్తెరేస్తే సాయంత్రానికి అరచేతులు జిడ్డుతో నిగనిగలాడేవి, ఆ వాసన సబ్బుతో కడిగినా పోయేది కాదు. మీ దగ్గర ఆ వాసన లేదు, అందరి చేతుల్లోనూ పూలే.

నిరుపేద అన్నాను కదా, అది ఇంకో మోసం. మీ ముందు రంగంలో ఆ కాపరి కొడుకు దారి వెంట లెక్క వేస్తూ వస్తాడు: పదకొండు గొర్రెలకు ఒక టాడ్ ఉన్ని, అంటే 28 పౌండ్ల తూకం, టాడ్‌కు 21 షిల్లింగులు, కత్తిరించినవి 1500. గవ్వలు లేందే లెక్క తేలదని చేతులెత్తేస్తాడు పాపం. నేను కాగితం మీద వేశాను, ఇరవై షిల్లింగులకు ఒక పౌండు చొప్పున 143 పౌండ్ల డబ్బు తేలింది. ఆ రోజుల్లో అది చిన్న డబ్బు కాదు. పసిపిల్లతో పాటు దొరికిన బంగారం సంగతి సరేసరి. ఇదంతా వదిలేసి మాచేత అమాయకత్వం అని రాయించారు. అదే కుర్రాడు పండక్కి సరుకుల చీటీ కూడా చదువుతాడు, మూడు పౌండ్ల చక్కెర, ఎండుద్రాక్ష, కుంకుమపువ్వు, ఏడు జాజికాయలు, ఆ మధ్యలో బియ్యం. 'ఈ బియ్యంతో మా చెల్లెలు ఏం చేస్తుందో' అని ఆశ్చర్యపోతాడు. క్లాసులో అందరం పగలబడి నవ్వింది అక్కడ ఒక్కచోటే.

ఇక పొలిక్సెనీస్ గారు. రాజు, మారువేషంలో విందుకొచ్చాడు. అంటు కట్టిన పూలు నాకొద్దు అని పెర్డిటా అంటే, అడవి మొద్దుకు మేలిజాతి కొమ్మను అంటు కట్టడం కూడా ప్రకృతేనమ్మా అని లెక్చరు దంచుతాడు. కాసేపటికే కొడుకు ఆ పిల్లను చేసుకుంటానంటే, ముళ్లకంపతో నీ అందం గీకించేస్తా అని ఆమె మీద, ఉరి తీయిస్తా అని ముసలి కాపరి మీద అరుస్తాడు. పుల్లకో న్యాయం, పిల్లకో న్యాయం. (అంటు వద్దన్న పిల్లే యువరాజుని చేసుకోబోతోంది. అదీ గైడులో లేదు.)

మీలో నాకు నచ్చినవాడు ఆటోలికస్, దొంగ. వడ్డీవ్యాపారి పెళ్లాం ఇరవై డబ్బు సంచుల్ని కన్నదని అచ్చేసిన పాట అమ్ముతాడు. ఏప్రిల్ ఎనభయ్యో తారీఖున నీళ్లకు నలభై వేల బారల ఎత్తున కనపడిన చేప మీద ఇంకో పాట. అచ్చులో ఉన్నవైతే నిజమే అయ్యుంటాయి అంటుంది మోప్సా అనే పల్లెపిల్ల. మా పెద్దమ్మ వాట్సాప్ చూస్తూ ఇదే మాట అంటుంది. 1611 మే 15న గ్లోబ్ నాటకశాలలో మీ నాటకం చూసిన సైమన్ ఫోర్మన్ అనే జ్యోతిష్కుడు, దొంగ బిచ్చగాళ్లను నమ్మొద్దు అని తన నోట్సులో రాసుకున్నాడు. పాస్టోరల్ ఊసే లేదు. ఆయన పరీక్ష రాసుంటే ఫెయిలయ్యేవాడు.

ఇన్ని తిట్టినా ఒక్కచోట నోరు పెగలదు. ముసలి కాపరి తన చచ్చిపోయిన భార్యను తలుచుకునే చోటు. ఆమె బతికున్నప్పుడు ఈ పండగ రోజున వంటమనిషీ ఆమే, యజమానురాలూ ఆమే, పనిమనిషీ ఆమే. కాసేపు బల్ల ఈ చివర, కాసేపు మధ్యలో, పొయ్యి సెగకూ తాగిన చుక్కకూ మొహం ఎర్రబడి, అందరికీ వడ్డిస్తూ, తన వంతు పాట పాడి, తన వంతు ఆట ఆడి. పేరైనా లేదు ఆవిడకు. నేను చూసిన ప్రతి పండగలోనూ ఆవిడ ఉంది. పరీక్షలో ఆవిడ మీద మాత్రం ప్రశ్న ఎన్నడూ రాలేదు.

చివరగా ఒక సందేహం. రాజుగారు చిందులు తొక్కి వెళ్లిపోయాక, ప్రేమికులు ఓడెక్కాక, ఆ కుంకుమపువ్వు వేసిన పేర్ పండ్ల పైలు ఎవరు తిన్నారు? బియ్యంతో ఇంతకీ ఏం వండారు? తెలిస్తే వెంటనే జాబు రాయగలరు.

ఇట్లు,
మీ మీద పదిహేను మార్కుల జవాబు అబద్ధం రాసిన విద్యార్థి