మార్కులు లేని మార్జిన్ గారికి

మహారాజశ్రీ రఫ్ వర్క్ గారికి,

లెక్కల మాస్టారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయుల్లో నేను కుశలమే. మీ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే నిన్న రాత్రే ఎర్ర పెన్నుతో మీ మీద 43 అడ్డగీతలు కొట్టాను. పేపరుకొకటి చొప్పున, పైనుంచి కిందికి ఒకే వేటు. దిద్దాల్సిన పేపర్లు మాత్రం 42. మిగిలిన ఆ ఒక్క గీత మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. అందుకే ఈ ఉత్తరం.

జవాబు పత్రంలో కుడి పక్కన, స్కేలు పెట్టి గీసిన గీతకు అవతల, నాలుగు వేళ్ల వెడల్పున మీ కాపురం. గీతకు ఇవతల ఫెయిర్ గారి భవంతి. ఆయనకు స్టెప్పులుంటాయి, స్టెప్పుకింత అని మార్కులుంటాయి, చివర్లో 'కనుక నిరూపించబడినది' అన్న కిరీటం ఉంటుంది. మీకు మాత్రం పరీక్ష మొదలవక ముందే శిక్ష ఖరారవుతుంది: 'రఫ్ చేసిన భాగాన్ని విధిగా కొట్టివేయవలెను.' చేసిన నేరమేమిటో ఎక్కడా రాయరు.

ఇరవై ఏళ్లుగా ఆ శిక్ష అమలు చేస్తున్నవాణ్ణి నేనే. ఈ మధ్యే నాకో పాడు అనుమానం పట్టుకుంది. పిల్లలు ఏడాది పొడవునా లెక్కలంటూ ఏమైనా నేర్చుకుంటే, అది మీ దగ్గరే ఉందేమోనని. ఇవతల ఉన్నదంతా నేను బోర్డు మీద రాసిందే కదా. నా సరుకే నాకు తిరిగొస్తే, బాగుందని మెచ్చుకుని మార్కులు వేసి పంపుతున్నాను.

వర్గ సమీకరణాల సంగతే చూడండి. ఎక్స్ స్క్వేర్ మైనస్ 7 ఎక్స్ ప్లస్ 12 ఈక్వల్ టు సున్నా. ఫెయిర్‌లో రెండో లైనుకల్లా ఆ 7 ఎక్స్ కాస్తా 3 ఎక్స్, 4 ఎక్స్‌గా విడిపోయి ఉంటుంది. ఎలా విడిపోయింది? ఆకాశవాణి చెప్పినట్టు విడిపోయింది. అవతలకు తొంగి చూస్తే అసలు కథ కనిపిస్తుంది. 1, 12 రాసి కొట్టేశారు. 2, 6 రాసి, కలిపితే 8 వస్తోందని కొట్టేశారు. 3, 4 రాశారు, చుట్టూ గుండ్రంగా గీశారు. పక్కన రెండు మైనస్‌లు, వాటి మీద ఒక ప్రశ్నార్థకం, ఆ ప్రశ్నార్థకం మీద ఒక టిక్కు. ఆలోచన అనేదాన్ని కాగితం మీద ఫోటో తీస్తే అచ్చం అలాగే వస్తుంది. నేను మార్కులు వేసింది మాత్రం ఆకాశవాణికి.

త్రికోణమితి వచ్చేసరికి మీ ఇల్లు బొమ్మలకొలువు అయిపోతుంది. గోపురానికి 30 మీటర్ల దూరంలో నిలబడిన 1.5 మీటర్ల మనిషికి దాని శిఖరం 60 డిగ్రీల ఊర్ధ్వకోణంలో కనిపిస్తే గోపురం ఎత్తెంత? ఫెయిర్‌లో ఒక శుభ్రమైన లంబకోణ త్రిభుజం ఉంటుంది. మనిషి ఉండడు. మనిషి లేడు కాబట్టి 30 రూట్ 3 దగ్గరే ఆగిపోయి, 'సుమారు 51.96 మీటర్లు' అని రాసి లేచిపోయినవాళ్లు సగం మంది. మీ దగ్గర మాత్రం ఒక కుర్రాడు పుల్లల మనిషిని గీశాడు. టోపీ పెట్టాడు, ఎందుకో మీసం కూడా పెట్టాడు. తర్వాత కళ్లు పెట్టాడు. కళ్ల దగ్గర్నుంచి శిఖరానికి గీత లాగాక గానీ వాడికి తట్టలేదు, చూపు నేల మీంచి కాదు, కంటి దగ్గర్నుంచి మొదలవుతుందని. వెంటనే 1.5 కలిపాడు. నిజం చెప్పాలంటే మార్కు రావాల్సింది ఆ మీసాలాయనకి.

సంభావ్యతలోనూ ఇదే తంతు. రెండు పాచికలు వేస్తే మొత్తం 7 రావడానికి సంభావ్యత ఎంతంటే ఫెయిర్‌లో ఒక్క లైను: 6 బై 36, అంటే 1 బై 6. మీ దగ్గర 36 జతలు ఆరు వరసల్లో కొలువుతీరి ఉంటాయి. ఆ మూల నుంచి ఈ మూలకు ఏటవాలుగా ఏడులన్నీ బారులు తీరి నిలబడతాయి. మిగతా మొత్తాలకన్నా ఏడే ఎక్కువసార్లు ఎందుకొస్తుందో ఆ వాలు చూసినవాడికి ఇక చెప్పక్కర్లేదు. అంకశ్రేఢుల జోలికి నేనిప్పుడు వెళ్లను. అక్కడ మీకు పనే పెట్టలేదు. సూత్రంలో అంకెలు వేసుకోవడమే.

అలాగని పొంగిపోకండి, మీరూ తక్కువ తినలేదు. ఏడెనిమిదులు 54 అని ఎన్నిసార్లు మీ దగ్గరే పుట్టింది! మీ ఇంట్లో 6గా ఉన్నది గీత దాటి ఇవతలకొచ్చేలోపు సున్నాగా మారి ఎంతమంది కొంప ముంచింది! సుద్దపూసలా కూర్చునే మీ మూలల్లో చుక్కలాటలు, ఇంకెన్ని నిమిషాలుందో లెక్కేసుకున్న తీసివేతలు, ఇన్విజిలేటర్ గారి బొమ్మ కూడా చూశాను. ఆ బొమ్మల్లో కొన్ని నావే. పోలిక బాగానే కుదిరింది.

మీ వంశం మాత్రం చిన్నది కాదు. క్షేత్రమితిలో మా పిల్లలు బట్టీ పట్టే గోళం ఘనపరిమాణం ఉంది కదా, దాన్ని తేల్చింది ఆర్కిమెడిస్. తనను సరిగ్గా ఇముడ్చుకున్న స్తూపంలో, అంటే సిలిండర్‌లో, గోళం మూడింట రెండొంతులని నిరూపించాడు. ఆ నిరూపణ చూస్తే మన ఫెయిర్ గారే, ఎక్కడా నలగని ఇస్త్రీ చొక్కా. అసలు ఎలా కనిపెట్టాడన్నది మాత్రం ఎరటోస్తనీస్ అనే తోటి గ్రీకు పండితుడికి విడిగా రాసి పంపాడు. గోళాన్ని మనసులోనే పల్చటి ముక్కలుగా కోసి, ఊహల్లోనే ఒక త్రాసుకు వేలాడదీసి తూచాడట. ఇది నిరూపణ కాదు సుమా, దారి చూపుతుందంతే అని తనే ఒప్పుకున్నాడు. అంటే అది ఆయన రఫ్. దానికి ఏ గతి పట్టిందో ఊహించే ఉంటారు. 13వ శతాబ్దంలో ఎవరో దాని నకలున్న తోలు పత్రాలను గీకేసి, అడ్డంగా తిప్పి, పైన ప్రార్థనలు రాసుకున్నారు. 1906లో హైబెర్గ్ అనే పండితుడు ఆ ప్రార్థనల కింద మసకమసకగా ఉన్న అక్షరాలు చదివేదాకా ఆయన ఆ ఫలితాలకు ఎలా చేరాడో లోకానికి అంతుపట్టలేదు. మిమ్మల్ని కొట్టేయడం మా లెక్కల మాస్టార్లు కొత్తగా కనిపెట్టిన విద్య కాదని చెప్పడానికే ఈ సోదంతా.

ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడి సంగతి వేరు. తన సిద్ధాంతమొకదానికి నిరూపణ ఉంది గానీ ఈ మార్జిన్‌లో పట్టదని ఒక పుస్తకం అంచున రాసేసి ఊరుకున్నాడు. 1995లో ఆండ్రూ వైల్స్ నిరూపణ అచ్చయ్యేదాకా, మూడున్నర శతాబ్దాలకు పైగా, గణిత లోకం ఆ మార్జిన్ చుట్టూ తిరిగింది. మా తరగతిలో ఎవరైనా 'స్థలం చాలలేదు' అని రాస్తే అడిషనల్ పేపరు అడగలేదేమని సున్నా చుట్టి పంపిస్తాను.

ఇక అసలు విషయానికి వస్తాను.

నిన్నటి పేపర్లలో ఒక ప్రశ్న: రూట్ 2 కరణీయ సంఖ్య అని, అంటే రెండు పూర్ణాంకాల భిన్నంగా రాయలేమని, నిరూపించండి. నాలుగు మార్కులు. ఏడాది మొదట్లో చెప్పిన పాఠం. ఒక అమ్మాయి ఫెయిర్‌లో ఇలా రాసింది: 'రూట్ 2 అకరణీయ సంఖ్య అనుకుందాం. అప్పుడు రూట్ 2 ఈక్వల్ టు పీ బై క్యూ.' కింద నాలుగు లైన్లు ఖాళీ. ఆ తర్వాత, 'ఇది మన ఊహకు విరుద్ధం. కనుక నిరూపించబడినది.' మధ్యలో పీ, క్యూ పరస్పర ప్రధానాంకాలు (1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి) కావాలని లేదు, రెండూ సరి సంఖ్యలే అవుతున్నాయని లేదు. పెళ్లి శుభలేఖ ఉంది, తాంబూలాలున్నాయి, పెళ్లే లేదు. అయినా మొదటి స్టెప్పు ఉంది, చివరి స్టెప్పు ఉంది. రెండు మార్కులు వేశాను.

గీత అవతల మీరున్నారు. పేజీ పొడవునా గుణకారాలు. 1.4ని 1.4తో హెచ్చిస్తే 1.96. తక్కువ. 1.41ని 1.41తో హెచ్చిస్తే 1.9881. తక్కువ. 1.42తో 2.0164. ఎక్కువ. 1.414తో 1.999396. పక్కన చిన్న అక్షరాల్లో 'అబ్బా' అని ఉంది. 1.415తో 2.002225. ఒక చోట హెచ్చవేత తప్పి, కొట్టేసి, మళ్లీ చేసింది. అన్నిటికన్నా కింద పెన్సిల్‌తో ఒక వాక్యం: 'ఇది ఆగేలా లేదు.'

నిరూపణ కాదని నాకూ తెలుసు. వెయ్యి స్థానాల దాకా హెచ్చించినా, ఆ తర్వాతైనా ఆగుతుందేమోనన్న అనుమానం మిగిలే ఉంటుంది. కానీ అసలు నిరూపణంటూ ఒకటి ఎందుకు కావాల్సొచ్చిందో ఆ క్లాసు మొత్తంలో తెలిసింది ఆ పిల్ల ఒక్కదానికే. మిగతా 41 మందికీ మధ్య పెళ్లి తంతు కంఠతా వచ్చు. అందరికీ నాలుగుకు నాలుగు.

ఎర్ర పెన్ను మీ మీదికి దించి కూడా ఆగాను. ఆ పెన్సిల్ వాక్యం కింద బెత్తెడు చోటుంది. ఎందుకు చేశానో తెలీదు, 1.4142ను 1.4142తో హెచ్చించుకుంటూ కూర్చున్నాను. 1.99996164 వచ్చింది. 1.4143తో కూడా చేద్దామనుకున్నాను గానీ పొద్దుపోయింది, ఇంకా పేపర్లున్నాయి.

ఆ అమ్మాయి రఫ్ మీద నియమం ప్రకారం ఒక గీత కొట్టాను. పక్కనున్న నా రఫ్ మీద ఇంకో గీత కొట్టాను.

ఇట్లు,
మీ విధేయుడు,
లెక్కల మాస్టారు