సవరణ: ఫ్లైవీల్‌కి పళ్ల లెక్క ఒక్కటే సరిపోదు

289 (క్యూబిక్ ఇంచుల) ఇంజన్ ఉన్న పాత ఫోర్డ్ మస్టాంగ్ కారుకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీసేసి మాన్యువల్ గేర్‌బాక్స్ వేయించుకునేవాళ్ల కోసం పోయిన వారం ఒక పోస్టు పెట్టాను. పళ్ల సంఖ్య కలిసి, ఆరు బోల్టులూ కూర్చుంటే ఏ ఫ్లైవీల్ (ఇంజన్ వెనక బిగించే బరువైన పళ్ల చక్రం) అయినా చాలని అందులో రాశాను. అది తప్పు.

157 పళ్లా, 164 పళ్లా అన్నది స్టార్టర్‌కి, బెల్ హౌసింగ్‌కి (ఫ్లైవీల్‌ని కప్పి ఉంచే గుల్లకి) సంబంధించిన సంగతి. అంతకంటే ముఖ్యం బ్యాలెన్స్. ఈ ఇంజన్లలో క్రాంక్‌ని (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసుని) తూకంలో ఉంచే బరువు కొంత ఫ్లైవీల్‌లోనే ఉంటుంది. 289కీ, పాత 302కీ అది 28 ఔన్స్-ఇంచ్. 1980ల మొదట్లో అదే 302కి, అంటే 5.0 లీటర్ ఇంజన్‌కి, దాన్ని 50 చేశారు. చిక్కంతా ఇక్కడే: రెండు రకాలూ ఒకే క్రాంక్‌కి చక్కగా బిగుసుకుంటాయి. ఆర్‌పీఎం పెరిగాకే వణుకు మొదలవుతుంది, అలాగే నడిపితే బేరింగులు పోతాయి. క్రాంక్ ముందు కొసన వణుకు తగ్గించడానికి ఉండే డ్యాంపర్ కూడా అదే అంకెది అయి ఉండాలి.

ఫ్లైవీల్ తయారీ కంపెనీల కేటలాగుల్లో ఇది స్పష్టంగా ఉంది. మా బెంగళూరులో క్రాంకులు బ్యాలెన్స్ చేసే మేస్త్రీ కూడా ఇదే చెప్పారు. ఇంజన్ ఎప్పుడైనా విప్పి క్రాంక్ మార్చి ఉంటే మోడల్ సంవత్సరాన్ని నమ్మొద్దని ఆయన గట్టిగా అన్నారు.

నా పోస్టు చూసి ఇక్కడి విడిభాగాల బజారు జేసీ రోడ్డులోనో, బయటి నుంచి తెప్పించో ఇప్పటికే కొన్నవాళ్లు దయచేసి బిగించకండి. మీ ఇంజన్ ఇంతవరకూ వణుకు లేకుండా నడిచి ఉంటే, విప్పిన పాత ఫ్లెక్స్‌ప్లేట్‌ని (ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ బదులు ఉండే పలుచని పళ్లేన్ని), కొత్త ఫ్లైవీల్‌ని రెండింటినీ బ్యాలెన్సింగ్ షాపుకి తీసుకెళ్లి, రెండింటి బ్యాలెన్సూ ఒకటేనా అని చూపించుకోండి.